కన్ను చెక్కని పక్షి

హారిస్ పార్క్, సిడ్నీ
1999 ఆగస్టు 14, శనివారం

ఇషాక్ మామూకి తూబా సలాం.

కుశలాలు తర్వాత అడుగుతాను. ముందు ఈ రోజు మొదటి వింత చెప్పనివ్వు. పొద్దున తొమ్మిదింటికి ఒక కర్పూరం చెక్క పెట్టె తెరిచాం. అందులో మడత పెట్టిన పాత బట్ట. విప్పుతుంటే ఎర్ర నేల, నేల మీద నల్ల తీగ, తీగ మీద పక్షి. ముక్కుంది, జుట్టుంది, రెక్కలో ప్రతి ఈకా ఉంది. కన్ను మాత్రం లేదు. కన్ను ఉండాల్సిన చోట ఉత్త ఎరుపు. మన ఇంట్లో అద్దే పక్షులకి కూడా కళ్లుండవు కదా మామూ! ఎందుకని చిన్నప్పుడు అడిగితే చెప్పావు, మర్చిపోయాను. సముద్రానికి అటువైపు ద్వీపాల్లో కూడా ఇదే ఆచారమా?

ఎక్కడి పెట్టె, ఏమా కథ అంటావు. నాకు పని దొరికింది. పారమట్టా స్టేషన్‌కి పది నిమిషాల నడక దూరంలో ఇండోనేషియా కళాకేంద్రం ఒకటి ఉంది. సర్కారుది కాదు. ఇబు సులాస్త్రి అనే ఆవిడ, చనిపోయిన భర్త కెన్ జ్ఞాపకంగా ఒక పాత బేకరీ కొని సొంత ఖర్చుతో పెట్టింది. ఇబు అంటే అమ్మ. పెద్దావిడల్ని అందర్నీ అలాగే పిలవాలట. లోపల తోలుబొమ్మలు, కంచు గంటలు, చెక్క ముఖాలు. ఇంకా లేశమాత్రం రొట్టె వాసన. వస్తువుల పక్కన పెట్టే కార్డులు రాయడం, వచ్చిన పోస్టు చూడడం నా పని. కెన్ 1971లో జకార్తాలో కొని భార్యకిచ్చిన మొదటి కానుకట ఈ బట్ట. సులవేసీ కొండల్లోది, రెండు వందల ఏళ్ల నాటిది అంటున్నారు.

మా క్లాసులో అందరూ సంవత్సరం మారగానే కంప్యూటర్లు ఆగిపోతాయని, వాటిని బాగుచేసే కొలువుల వెంట పడుతున్నారు. నేనూ అదే చేస్తున్నానని అమ్మీకి చెప్పు, నీకు పుణ్యముంటుంది. నాకేమో ఈ మధ్య మాటల పిచ్చి పట్టింది. ఇబు వాళ్ల భాషలో కుర్చీ కుర్సీ, కబురు కబర్, ఏనుగు గజా! ఒక్కోటి దొరికినప్పుడల్లా జేబులో వేసుకుని ఇంటికి తెచ్చుకుంటున్నాను.

నేనుండే ఇంటి సుమింత్ర ఆంటీ ఫిజీ తెలుగావిడ. వాళ్ల ముత్తాత విశాఖ వైపు నుంచి చెరకు తోటల్లోకి వెళ్లాడట. "బేటీ, మాటలు తింటే కడుపు నిండదు, పప్పు తిను" అని పిలుస్తోంది. వెళ్తున్నా.

నీ చేతి వేళ్ల నలుపు తల్చుకుంటూ,
తూబా


పెడన
1999 ఆగస్టు 29, ఆదివారం

ఒసే తూబా,

నీ ఉత్తరం వచ్చేసరికి నేను కాలువలో మోకాళ్ల లోతున ఉన్నాను. పోస్టుమాన్ గట్టు మీదే విప్పి పట్టుకున్నాడు, నేను నీళ్లలో నిలబడి చదివాను. సగంలో చేతిలో బట్ట జారిపోయింది. మా చిన్నాడు దాని వెనకాల రేవు దాకా పరిగెత్తాడు. తప్పు నీదే.

ద్వీపాలూ లేవు, కొండలూ లేవు. అది మా అబ్బా, మీ నానాజాన్, చెక్కిన అచ్చు.

1968. నాకు పదిహేనేళ్లు. మద్రాసు నుంచి ఒక షావుకారు పాత బట్ట ఫోటో తెచ్చి, ఇలాగే ముప్పై కావాలన్నాడు. పూర్వం బందరు నుంచి ఓడల్లో ఆ దేశాలకి బట్టలు పోయేవని, వాళ్లు వాటిని బుట్టల్లో దాచుకుని చావుకీ పెళ్లికీ మాత్రమే తీసేవారని ఆయనే చెప్పాడు. అబ్బా టేకు చెక్క మీద నెల రోజులు చెక్కాడు. షావుకారు వచ్చి చూసి, "అన్నీ బాగున్నాయి సాయిబూ, కన్నేదీ?" అన్నాడు. అబ్బా తల ఎత్తకుండానే, "రెక్క నేను చెక్కుతాను, ఈక నేను చెక్కుతాను. చూపు పెట్టేవాడు వేరే ఉన్నాడు, ఆ పని నాది కాదు" అన్నాడు. నీకు నేను చెప్పింది ఇదే. నువ్వు మర్చిపోయింది ఇదే.

నమ్మకం లేకపోతే తోక చూడు. పై నుంచి మూడో ఈక కొస విరిగి ఉంటుంది. అచ్చు మోసుకొస్తూ గడపకి తన్నుకుని నేనే పడేశాను. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. "పోన్లే, ఇక ఇది నీ గుర్తు" అన్నాడు. ముప్పై బట్టల మీదా ఆ విరుగు పడింది. షావుకారు వాటిని ఏమని చెప్పి అమ్ముకున్నాడో మాకు తెలీదు. మేము మాత్రం కొత్త బట్టని కొత్త బట్టగానే ఇచ్చాం.

నాకొక్కటే కావాలి. ఆ బట్ట కింద "షేక్ మస్తాన్ వలీ, పెడన" అని రాయించు. బతికినంత కాలం అద్దాడు. కండువాల మీద, దుప్పట్ల మీద, పరదాల మీద అద్దాడు. ఒక్క చోట కూడా పేరు లేదు. పోయేముందు కూడా ఎవరింటి గుమ్మానికో తన పరదా ఉందని చూసి రమ్మని పంపాడు నన్ను. మనవరాలు కార్డులు రాసే చోటికే బట్ట వెతుక్కుంటూ వచ్చిందంటే ఊరికే వచ్చిందా?

మీ అమ్మీకి నువ్వు కంప్యూటర్లు బాగుచేస్తున్నావనే చెప్పాను. నరకానికి పోతే నీతోనే పోతాను.

మీ మామూ
ఇషాక్


హారిస్ పార్క్
1999 సెప్టెంబరు 12, ఆదివారం

మామూ,

ఉంది! మూడో ఈక కొస విరిగే ఉంది. భూతద్దం పెట్టి చూశాను. చూశాక స్టోరు గదిలో నేల మీద కూర్చుని ఏడ్చాను. సంతోషానికే.

వెంటనే ఇబుకి చెప్పాను. తొందరపడ్డానేమో. ఇక్కడ రోజులు బాగాలేవు. టీవీ నిండా తిమోర్‌లో ఇండోనేషియా సైన్యం పెట్టించిన మంటలే. మొన్న ఎవరో కేంద్రం తలుపుకి ఎర్ర రంగు పోసి పోయారు. ఇబు బకెట్, బ్రష్ పట్టుకుని తనే గీకుతోంది. నేనూ గీకాను. అలా గీకుతూనే చెప్పాను. ఆమె బ్రష్ ఆపలేదు.

"మా దేశం పేరెత్తితే ఇప్పుడు ఇక్కడ తుపాకులే గుర్తొస్తాయి తూబా. వచ్చినవాళ్లకి చూపించడానికి నాకు ఈ బట్ట ఉంది. దాన్నీ మీ ఇంటిదంటావా?"

"మా ఇంటిదనడం లేదు ఇబూ. మా నానాజాన్ చేశాడంటున్నాను."

"ఈకలు ఎక్కడైనా విరుగుతాయి. రుజువు చూపించు, పేరు రాద్దాం."

అందుకని మామూ, ఆ అచ్చుతో తెల్ల కాగితం మీద ఒక ముద్ర వేసి పంపు. బట్ట మీద పెట్టి కొలిచి చూపిస్తాను. కాగితం చాలు. కేంద్రం చిరునామాకే పంపు, ఇక్కడ ఇంటి డబ్బాలో ఉత్తరాలు వానకి నానిపోతున్నాయి. నవంబరు 6న ప్రదర్శన మొదలు. ఆ బట్టకి ఒక గోడంతా ఇచ్చారు.

సుమింత్ర ఆంటీకి కథంతా చెప్పాను. ఆమె ఉల్లిపాయలు తరగడం ఆపి, "ఫిజీలో, సువాలో మా కొట్టు బోర్డు మీద మా మామ పేరుండేది. ఎయిటీ సెవెన్లో మనవాళ్ల మీద గొడవలైనప్పుడు బోర్డే పీకేశారు. కొట్టు పోతే మా మామ ఏడవలేదు బేటీ, బోర్డు పోతే ఏడ్చాడు" అంది.

ఎదురుచూస్తూ,
తూబా


హారిస్ పార్క్
1999 అక్టోబరు 8, శుక్రవారం

మామూ,

ఉత్తరం లేదు, కాగితం లేదు. అద్దకం పని ఎక్కువా, అలకా? నేనేమైనా అన్నానా?

ఇక్కడ పని తల మీదికొచ్చింది. బట్టకి కార్డు వెంటనే ప్రింటుకివ్వాలని ఇబు పట్టుబట్టింది. మొన్న మధ్యాహ్నమంతా కూర్చుని రాశాను. కోప్పడకుండా చదువు: "కన్ను లేని ఈ పక్షి బయటికి చూడదు. పూర్వీకుల నిశ్శబ్దంలోకి చూస్తుంది. చేసిన చేతి పేరు కాలంలో కలిసిపోయింది, చేతి వెచ్చదనం మాత్రం మిగిలింది." ఇది తాత్కాలికమే. నీ కాగితం రాగానే మారుస్తానని ఇబుకి ముందే చెప్పాను. కానీ ఒట్టు, వాక్యం బాగా కుదిరింది మామూ. "నిశ్శబ్దం" దగ్గర "గాఢ" అనాలా "ప్రాచీన" అనాలా అని రెండు గంటలు కొట్టుకుని, చివరికి రెండూ తీసేశాను. ఇబు చదివి నా తల నిమిరింది. ఇంగ్లీషులో ఇంకా బాగుంటుంది.

పోస్టు పని మాత్రం విసుగు. ఈ దేశంలోకి చెక్క రావాలంటే మనిషి రావడం కన్నా కష్టం. బయటి నుంచి చెక్క వస్తువు వస్తే తనిఖీవాళ్లు ఆపేసి మనకి కాగితం పంపుతారు. అందులో మూడు గడులు. శుద్ధి చేయించాలా, వెనక్కి పంపాలా, తగలెయ్యాలా. మన కేంద్రం పేరు ఏ వ్యాపారుల పుస్తకంలో పడిందో గానీ, ఇండియా నుంచి అడక్కుండానే చెక్క ఏనుగుల శాంపిళ్లు వస్తూనే ఉంటాయి. మేము అడగని వాటికి మూడో గడిలో టిక్కు పెట్టమని ఇబు మొదటి రోజే చెప్పింది. మొన్న బుధవారం కూడా ఒకటి, ఇండియా నుంచే, ఏదో పురుగు తిన్న చెక్క. టిక్కు పెట్టి, సంతకం చేసి, మళ్లీ నా "నిశ్శబ్దం"లో పడ్డాను.

కాగితం పంపు మామూ. రోజులు లేవు.

తూబా


పెడన
1999 అక్టోబరు 10, ఆదివారం

తూబా బేటీకి మామూ దీవెనలు.

చేరిందా? చెప్పకుండా పంపితే విప్పి చూసి ఎగిరి గంతేస్తావని ఇన్నాళ్లూ ఉత్తరం రాయకుండా బిగబట్టుకున్నాను. ఇక నా వల్ల కాదు.

కాగితం మీద ముద్ర ఎవడైనా వేస్తాడు. ఆవిడ రుజువు అడిగింది కదా, అందుకని అచ్చే పంపాను. 77 ఉప్పెనలో పెట్టెలకి పెట్టెలు అచ్చులు కొట్టుకుపోయాయి. అబ్బా దీన్నొక్కదాన్నీ ఒళ్లో పెట్టుకుని మసీదు మిద్దె మీద రెండు రోజులు కూర్చున్నాడు. ఇంట్లో ఆయన చెక్కిన వాటిల్లో మిగిలింది ఇదొక్కటే. బట్ట మీద పెట్టి చూడండి. వెంట్రుక వాసి తేడా వస్తే నా పేరు మార్చుకుంటాను.

ఆయన పాత లుంగీలో చుట్టి, పైన ముతక గాడా గుడ్డ కుట్టి, లక్క వేసి, సెప్టెంబరు 25న బందరు పెద్ద పోస్టాఫీసులో ఇచ్చాను. కౌంటర్ దగ్గర సత్యనారాయణ గారు తూకం వేస్తూ, "ఆస్ట్రేలియాకా? వరల్డ్ కప్పు ఎత్తుకుపోయింది చాలకా, మన చెక్కలు కూడా కావాలా వాళ్లకి?" అన్నాడు. లోపల ఉత్తరం పెట్టకూడదన్నాడు. సరే, అచ్చుకి ఉత్తరం ఎందుకులే, దాన్ని చూస్తే నీకు తెలీదా అనుకున్నాను. చిన్నప్పుడు దాని వెనక గాలి బెజ్జాలు మూడింటిలోనూ వేళ్లు పెట్టి, ఉంగరాలని ఊరంతా తిరిగేదానివి కదా.

పని అయ్యాక జాగ్రత్తగా వెనక్కి పంపు. పేరు రాసిన కార్డు ఫోటో తీసి పంపు. దుకాణంలో కడతాను.

మీ మామూ


పెడన
1999 అక్టోబరు 21, గురువారం

తూబా గారికి,

మీరు 8వ తేదీన రాసింది అందింది. రెండు సార్లు చదివాను.

అది పురుగు కాదండీ. అద్దేటప్పుడు గాలి పోవడానికి మా నాన్నగారు బరమాతో వేసిన బెజ్జాలు.

చేసిన చేతి పేరు కాలంలో కలిసిపోయిందని రాశారు. పేరు నేను ఆగస్టులోనే రాసి పంపాను. అప్పటి నుంచీ మీ దగ్గరే ఉంది. కాలం దగ్గర లేదు.

మొదట పొరపాటనుకున్నాను. తర్వాత ఆలోచించాను. అచ్చు వస్తే బట్ట కొత్తదని తేలుతుంది, గోడ ఖాళీ అవుతుంది, మీ వాక్యం పోతుంది, ఉద్యోగం పోతుంది. అచ్చు రాకపోతే అందరూ బాగుంటారు. తెలివైనవారు. చదువుకున్నవారు. అద్దకపువాళ్ల ఇంటి పిల్లనని అక్కడ చెప్పుకోవడం కష్టమే, నేను అర్థం చేసుకోలేదు.

ఇక ఏమీ పంపనక్కర్లేదు. నా దగ్గర కూడా పంపడానికి ఏమీ లేదు.

షేక్ ఇషాక్


హారిస్ పార్క్
1999 నవంబరు 5, శుక్రవారం

మామూ,

"మీరు" అన్నావు. ఇంకేం రాసినా ఇంత తగిలేది కాదు. తగలాలనే రాశావు, తగిలింది.

కావాలని చెయ్యలేదు. కావాలని చేసి ఉంటే నీకే ఉత్తరం రాసి చెప్పుకునేదాన్నా? కానీ ఈ మాట అనేసి తప్పించుకోను. జరిగింది వరసగా చెప్తాను, నమ్మితే నమ్ము.

నీ పదో తేదీ ఉత్తరం 22న వచ్చింది. అప్పటికప్పుడు రైలెక్కి విమానాశ్రయం దగ్గర ఆ తనిఖీ ఆఫీసుకి పోయాను. అక్కడి ఆఫీసరు మంచివాడు. రిజిస్టరు తిప్పి చూపించాడు. పద్నాలుగో తేదీన కాల్చేశారు. లుంగీ కూడా. బూడిదైనా ఇస్తారా అని అడిగాను. "అన్నీ కలిపి కాలుస్తాం అమ్మాయీ, విడిగా ఉండదు" అన్నాడు. నేను సంతకం చేసిన కాగితం తీసి ముందు పెట్టాడు. దాని మీద పురుగు అన్న మాటే లేదు మామూ. పార్శిల్ నంబరు, ఇండియా, "చెక్క, రంధ్రాలు ఉన్నవి". అంతే. పురుగు అన్నది నేను. ఆ మాట నేనే పెట్టాను. రంధ్రాలున్న చెక్క అంటే ఏమిటో ఈ దేశం మొత్తంలో తెలియాల్సిన మనిషిని నేనొక్కదాన్నే. వాటిల్లో వేళ్లు పెట్టుకుని పెరిగినదాన్ని. పంపినవారెవరని ఒక్క ఫోను చేసి అడిగితే చెప్పేవాళ్లట. చెయ్యలేదు. ఆ టిక్కుకి మూడు సెకన్లు పట్టి ఉంటుంది. ఆ మధ్యాహ్నం మిగతాదంతా ఒక విశేషణం కోసం వెతికాను.

మీ పక్కింటి వాసుదేవరావు గారి నంబరుకి మూడు సార్లు ఫోను చేశాను. మూడోసారి ఆయన, "మీ మామయ్య గుమ్మంలోనే ఉన్నాడమ్మా, రానంటున్నాడు" అన్నాడు. వెనక నీ దగ్గు వినిపించింది.

నీ ఉత్తరంలో ఒక మాట నిజం. వాక్యం మీద ఇష్టంతో పేరు పక్కన పెట్టాను. తాత్కాలికం అని నాకు నేనే చెప్పుకున్నాను. నీ కాగితం ఆలస్యమవుతుంటే ఆదుర్దాతో పాటు, కార్డు అలాగే ప్రింటవుతుందని మనసులో ఎక్కడో సంతోషం కూడా ఉంది. ఇది నువ్వు కనిపెట్టలేదు, నేనే చెప్తున్నాను. సిగ్గు మాత్రం అద్దకపువాళ్లమని కాదు. ఎప్పుడూ కాదు.

ఈ సాయంత్రం ఇబు దగ్గరికి వెళ్లాను. అచ్చు వచ్చింది, నేనే కాల్పించాను అని చెప్పాను. బట్ట అప్పటికే గోడ మీద ఉంది, ఇబు దాని వైపే చూస్తోంది.

"నీ మాట అబద్ధమని నేను ఎప్పుడూ అనుకోలేదు" అంది. "మొదటి రోజు, ఆ ఈక చూపించినప్పుడే నమ్మాను."

"మరి రుజువెందుకు అడిగారు?"

"నీ దగ్గర ఉండదనుకుని." అని, కుర్సీ లాక్కుని కూర్చుంది. "కెన్ ఈ బట్ట నా ఒళ్లో పెట్టి, నీ దేశం నీకు తెచ్చిచ్చాను అన్నాడు. ముప్పై ఏళ్లుగా ఆ మాట మీద బతుకుతున్నాను. నా భర్త మోసపోయాడని ఆయన పేరున్న ఇంట్లో, నా గోడ మీద రాయిస్తావా? ఈ సంవత్సరమే? ఆ తలుపు మీద ఎరుపు ఇంకా పూర్తిగా పోలేదు తూబా."

"మా నానాజాన్ మోసం చెయ్యలేదు ఇబూ. కన్ను కూడా పెట్టలేదంటే ఆయన పైవాడికి ఎంత భయపడ్డాడో చూడండి."

"తెలుసు. అయినా రాయను." లేచి నా కార్డు ఒకసారి వేలితో సరిచేసింది. "సోమవారం తాళం ఇచ్చేసెయ్. రేపు మాత్రం రా. పూలవాళ్లకి తలుపు తియ్యాలి."

ఆమె చెడ్డది కాదు మామూ. అదే కష్టంగా ఉంది.

ఇంటికొచ్చేసరికి నీ ఉత్తరం బల్ల మీద ఉంది. సుమింత్ర ఆంటీ నా మొహం చూసి టీవీ కట్టేసింది. అంతా చెప్పాను, రేపు ఏం చెయ్యాలనుకుంటున్నానో కూడా చెప్పాను. "వాళ్లు మళ్లీ పీకేస్తారు కదా బేటీ" అంది. పీకేస్తారు ఆంటీ అన్నాను. లోపలికి వెళ్లి, వాళ్లబ్బాయి స్కూలు డబ్బాలోంచి జిగురు తెచ్చిచ్చింది.

ఈ కార్డు ఇప్పుడే రాశాను. ఇంగ్లీషులో ఒకసారి, కింద తెలుగులో ఒకసారి. "అచ్చు చెక్కి అద్దినవారు: షేక్ మస్తాన్ వలీ, పెడన, కృష్ణా జిల్లా, 1968. తోకలో మూడో ఈక విరిచినవారు: ఆయన కొడుకు ఇషాక్. అచ్చు ఇప్పుడు లేదు. దాన్ని తగలబెట్టమని సంతకం చేసింది: ఆయన మనవరాలు తూబా." అంతే. ఇందులో ఒక్క విశేషణం లేదు, వెతికి చూసుకో. ఫోటో తీసి పంపుతాను. దుకాణంలో కట్టినా, కాలువలో వేసినా నీ ఇష్టం.

రేపు పొద్దున ఆరున్నర రైలుకి వెళ్తాను. పూలవాళ్లు ఎనిమిదికి వస్తారు, ఇబు తొమ్మిదిన్నరకి, జనం పదింటికి. ఏడయ్యేసరికి నా పాత కార్డు తీసి, దీన్ని అంటిస్తాను. తర్వాత తలుపు తీసి, బట్ట పక్కన నిలబడతాను.

తూబా